నాలుగు రోజుల ఇల్లు

ఎవరూ పోలేదు. ఎవరికీ పెళ్లి కుదరలేదు. మొక్కుబడి కూడా ఏమీ లేదు. అయినా నూకరాజు పెళ్లాన్నీ, ఇద్దరు ఆడపిల్లల్నీ, తల్లినీ వెంటబెట్టుకుని వాల్తేరులో రాయపూర్ బండెక్కాడు. ఈ సంగతి అతని తల్లి దాలమ్మకి పార్వతీపురం దాటినా మింగుడుపడలేదు.

"మరెందుకెల్తన్నాంరా?" అంది, దుప్పట్లో ముడుచుకుని.

"సెలవుకే అమా."

"సెలవైతే ఇంటికాడ తొంగోవాలి గానీ దేసాలట్టుకు పోతారేటి?"

నూకరాజు లోకోషెడ్డులో బాయిలర్ ఫిట్టరు. అతని పాత ఫోర్మన్ దొర ఏటా సెలవు పెట్టి సంసారంతో ఎక్కడో కొండల్లో చెరువు ఒడ్డుకి వెళ్లేవాడు. అక్కడ ఎవరింట్లోనో గది తీసుకోవడం, పొద్దున్నే వాళ్లు పెట్టింది తినడం, రోజంతా ఊరికే తిరగడం. అంత పనిమంతుడు ఊరికే ఎలా తిరుగుతాడో నూకరాజుకి అప్పట్లో అర్థమయ్యేది కాదు. దొరలు దేశం వదిలి మూడేళ్లయింది. రైలు పాసు చేతికొచ్చినప్పుడల్లా చావులకీ పెళ్లిళ్లకీ తగలేయడమే తప్ప తానేం సుఖపడ్డానన్న దుగ్ధ అతనికి ఈ ఏడు బయల్దేరింది. రాయపూర్‌లో చెరువు గట్టున ఒక తెలుగావిడ గది ఇస్తుందనీ, పొద్దున్న నాష్టా కూడా పెడుతుందనీ షెడ్డులో ఎవరో చెప్పారు. చలికాలం రాగానే ఆవిడకో ఉత్తరం పడేసి పాసు రాయించేశాడు.

అతని పెళ్లాం పైడమ్మ మాత్రం ఏమీ అడగలేదు. పెళ్లయ్యాక ఆమె రైలెక్కిందంటే ఎవరింట్లోనో శుభమో అశుభమో జరిగిందన్నమాట. రెండిట్లోనూ ఆమె పని ఒకటే, పెరట్లో గాడిపొయ్యి దగ్గర పెద్ద గుండిగలో అన్నం వార్చడం. ఈసారి పొయ్యి మరొకరు ముట్టిస్తారట. అది నమ్మబుద్ధి కాలేదు. నమ్మకుండానే సంతోషంగా ఉంది.

రాయపూర్‌లో దిగేసరికి తెల్లవారింది. టాంగావాడు ధాన్యం బళ్లను తప్పించుకుంటూ బూఢా తలాబు దాకా తీసుకొచ్చాడు. తలాబంటే చిన్నాచితకా చెరువు కాదు, అవతలి గట్టు మంచులో కనబడడం లేదు. గట్టు కింద సందులో పెంకుటిల్లు. చెరువు వైపు విడిగా తలుపున్న గది ఒకటుంది. ఇంటావిడ బంగారమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. నలభై అయిదేళ్లుంటాయేమో. బోసి నుదురు, నీరుకావి పంచెలాంటి చీర.

"రండి, రండి. సామానంతా కమరాలో పెట్టేయండి" అని గది తాళంచెవి నూకరాజు చేతికిచ్చింది. "గదికీ, పొద్దుటి నాష్టాకీ మాట అనుకున్నాం కదా బావూ. మద్దేన్నం, రాత్రీ మీ ఇష్టం. స్టేషను కాడ మనోళ్ల హోటలున్నాది. కాదు, వండుకుంటామంటే నా పొయ్యి వాడుకోండి."

తాళం నూకరాజే తీశాడు. ఆమె గుమ్మం అవతలే ఉండిపోయింది. మంచం ఏ మూల ఉందో, నీళ్ల కుండ ఎక్కడుందో బయటినుంచే చేత్తో చూపించింది. చిన్నపిల్ల మరచెంబు తన్నేసి నీళ్లు ఒలకబోస్తే చీపురూ గుడ్డా తెచ్చి గడప మీద పెట్టింది తప్ప లోపలికి అడుగు వేయలేదు.

"ఈవిడకి మనమంటే ఎరపేటి?" అని గొణిగింది దాలమ్మ.

వేరుగా చూడడం కాదని కాసేపట్లోనే తేలిపోయింది. నాష్టా పళ్లెం గడప మీద పెట్టి, తలుపు మీద రెండుసార్లు కొట్టి, అక్కడే నిలబడి అందరూ తినేదాకా చూసింది. పల్చటి తెల్లటి అట్లు, పక్కన ఎర్రటి పచ్చడి.

"ఇది అట్టు కాదే" అంది దాలమ్మ, ఒక ముక్క తుంచి వెలుగులో పెట్టి చూస్తూ.

"చీలా అమ్మా. వట్టి బియ్యప్పిండి. ఇక్కడోళ్ల తిండి. మా ఆయనకి అలవాటైపోయింది. అదే, ఉన్నప్పుడు." ఆ చివరిమాట త్వరగా అనేసి, "మీ ఇంటిపేరేటి?" అంది.

గేదెలవారని చెప్పింది దాలమ్మ. బంగారమ్మ పుట్టింటివాళ్లు బలగవారట, సీతానగరం పక్క. దాలమ్మ మొహం విప్పారింది. ఇంత దూరం రైలెక్కి వచ్చినందుకు ఆవిడకి కనబడిన మొదటి లాభం అదే. "మనోళ్లేనురా" అంది కొడుకుతో, ఇక భయం లేదన్నట్టు.

పైడమ్మకి ఈ మాటలేవీ చెవికెక్కలేదు. ఆమె చేతిలో చీలా వేడిగా ఉంది. వేడిగా ఉన్నది ఎలా తినాలో ఆమెకి తెలియడం లేదు. ఎవరికి మారు కావాలో చూడడానికి మూడుసార్లు లేచింది. లేచినప్పుడల్లా బంగారమ్మ బయటినుంచి, "బైఠో వదినా, బైఠో! నానున్నాను కదా" అని కసిరింది. కూర్చుని తింది. తిన్నాక చేతులు ఖాళీగా ఉండడంతో వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది.

సెలవు అలా మొదలైంది. నూకరాజు ఉతికిన చొక్కా వేసుకుని చెరువు మెట్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఫోర్మన్ దొర అలాగే కూర్చుని ఉంటాడని అతని ఊహ. పావుగంట కూర్చున్నాడు. తర్వాత లేచి వచ్చి బంగారమ్మ నూతి గిలక కిర్రుమంటోందని దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. పిల్లలు బట్టలుతికే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లతో ఆ భాష రాకుండానే కబుర్లాడారు. సందులో వాళ్లు మాత్రం ఈ కుటుంబాన్ని చూసి ఆగిపోయారు. కూరలమ్మే ఆవిడ, పాలవాడు, స్టేషనునుంచి డ్యూటీ దిగి వస్తున్న తెలుగువాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. ఎవరింటికి వచ్చారు, ఏం పని మీద వచ్చారు?

"ఊరికే" అని చెప్పేది పైడమ్మ.

ఆ జవాబుకి వాళ్లు జాలిగా చూసేవారు. చెప్పుకోలేని జబ్బుకి పెద్దాసుపత్రిలో చూపించుకోడానికి వచ్చారనుకున్నారని సాయంత్రానికి తెలిసింది. దాంతో ఆమెకే అనుమానం వచ్చింది, నిజంగా ఎందుకొచ్చామని.

మర్నాడు నాష్టా అయ్యాక పైడమ్మ ఉండబట్టలేక బంగారమ్మ వంటింటి గుమ్మంలో చేరింది. బంగారమ్మ జావ కాస్తోంది. సగ్గుబియ్యం కాదు, చోడి, అంటే రాగిపిండి. పిండిని చన్నీళ్లలో చేత్తో చిదిపి, ఉండ లేకుండా గుడ్డలో వడగట్టి, మరిగే నీళ్లలో సన్నటి ధార పోస్తూ ఎడమచేత్తో తెడ్డు తిప్పుతోంది. తెడ్డు ఒక్క క్షణం ఆగలేదు. దించాక చిటికెడు ఉప్పు, గరిటెడు పల్చటి మజ్జిగ. ఒక బొట్టు అరచేతిలో వేసుకుని వేడి చూసింది. ఇత్తడి గిన్నెలో పోసి, మూతపెట్టి, మూటకట్టి బయల్దేరింది. పైడమ్మ వెనకాలే గేటు దాకా వెళ్లింది.

సందుకి అవతలి పక్క ఎదురుగా ఉన్న ఇంటి అరుగు దగ్గర బంగారమ్మ ఆగింది. గిన్నె అరుగు మీద పెట్టి, "బేబీ!" అని పిలిచి, మళ్లీ సందులోకి దిగిపోయింది. లోపలినుంచి ఒక పిల్ల వచ్చి గిన్నె తీసుకుని, కడిగిన నిన్నటి గిన్నె అక్కడ పెట్టి వెళ్లిపోయింది. బంగారమ్మ చేతులు కొంగులో చుట్టుకుని ఆ ఇంటి కిటికీకేసి చూస్తూ నిలబడింది. కిటికీ సగం మూసి ఉంది. లోపలికి వెళ్లకుండా అంత చలిలో అంతసేపు ఎందుకు నిలబడిందో పైడమ్మకి బోధపడలేదు.

తగువులుంటే జావ ఎందుకు ఇస్తుంది? అంటురోగమైతే గిన్నెలు అటూ ఇటూ ఎలా తిరుగుతున్నాయి? కులం తేడాలా అంటే, ఆ ఇంటివాళ్లూ తెలుగువాళ్లే, పైగా బేబీ పొద్దున్న వచ్చి ఈ వంటింట్లోనే కూర్చుని చీలా తిని వెళ్లింది. పైడమ్మ ఈ చిక్కు తీసుకెళ్లి అత్త ముందు పెట్టింది. దాలమ్మ రకరకాలుగా ఆలోచించి స్థలం తగువని తేల్చింది. నూకరాజు గిలక బిగిస్తూ, "మనకెందుకే? సెలవులో ఉన్నాం" అన్నాడు.

ఆ సాయంత్రం గోల్ బజారుకి వెళ్లారు. పైడమ్మ తన కోసమని ఒక నేతచీర కొనుక్కుంది, ఊదారంగు, సన్నటి పసుపు అంచు. ఎవరి పెళ్లికీ కాదు, ఎవరికీ పెట్టడానికీ కాదు. కొట్టువాడు ఎవరికని అడిగితే సిగ్గుపడింది.

మూడోనాడు జావ మూటకడుతుంటే పైడమ్మ చెయ్యి చాచింది. "ఇలాగియ్యి వదినా, నానట్టుకెల్తాను."

బంగారమ్మ ఆమె మొహంలోకి చూసింది. "లోనికెల్తావా?"

"ఎల్లకూడదేటి?"

"నువ్వెల్లొచ్చు." గిన్నె ఇచ్చింది. "నీ చేత్తోనే తాగించు. బేబీ చిన్నది, గొంతుకి అడ్డం పడేలా పోసేస్తాది. తల కింద చెయ్యెట్టి లేపు. వీపు కాదు, తల."

లోపల నులకమంచం మీద పార్వతమ్మ పడుకుని ఉంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట మాత్రం దుప్పటి కింద ఎత్తుగా ఉంది. ఆమె భర్త సత్తిరాజు సిగ్నల్ మేస్త్రీ. డ్యూటీ మానేసి గోడవారన పీట మీద కూర్చుని ఉన్నాడు. పైడమ్మ తల కింద చెయ్యి పెట్టి లేపి జావ తాగించింది. నాలుగు గుక్కలు తాగి పార్వతమ్మ కళ్లు తెరిచింది.

"నువ్వెవరే?"

"ఎదురింట్లో దిగేం వదినా. వాల్తేరునించి."

"బంగారం ఇంట్లోనా?" ఆ పేరు అనగానే మొహంలోకి కాస్త ప్రాణం వచ్చింది. "దానికేటి కోపం నామీద? నానేటి తప్పు సేసేను? రోజూ దాని జావ వస్తాది. మనిషి రాదు. ఏటన్నానో గుర్తులేదమ్మా నాకు. ఏటన్నా అంటే, మర్సిపొమ్మని సెప్పు."

"అలాగేటి కాదే, నీకెన్నిసార్లు సెప్పేను?" అన్నాడు సత్తిరాజు. ఆమె వినిపించుకోలేదు. జ్వరంలో చెప్పినవేవీ ఆమె దగ్గర నిలవడం లేదు. సత్తిరాజు పైడమ్మ వైపు చూసి, వెంటనే నేలకేసి చూశాడు.

పైడమ్మ తిరిగొచ్చేసరికి బంగారమ్మ వసారాలో చేటముందు కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. పైడమ్మా కూర్చుంది. ఇద్దరి చేతులూ ఒకే చేటలో కదులుతున్నాయి.

"నీకు కోపమొచ్చిందనుకుంటంది వదినా ఆవిడ."

బంగారమ్మ చెయ్యి ఆగింది. "అలాగందా?"

"ఎందుకెల్లవు? ఏటయింది మీకు?"

"నిద్ర కాలేదు నాకు" అంది బంగారమ్మ.

పైడమ్మకి అప్పుడు అర్థమైంది. మనిషి పోయిన ఇంటివాళ్లని అయినవాళ్లు వచ్చి తమ ఇంటికి తీసుకెళ్లి ఒక రాత్రి నిద్ర చేయిస్తారు. పొద్దున్నే తిండిపెట్టి, చీర పెట్టి పంపుతారు. అది అయిన తర్వాతే వాళ్లు ఇంకొకరి గుమ్మం తొక్కడం. ఊళ్లో అయితే దినాలు కాగానే నేనంటే నేనని వస్తారు, అదొక పెద్ద విషయమే కాదు. కాకుండా మిగిలిపోయిన మనిషిని పైడమ్మ ఇంతవరకూ చూడలేదు.

"మా పరదేశన్నయ్య దినాలకొచ్చేడు. పదకొండో నాడే బండెక్కేసేడు. నెల తిరిగేక వచ్చి తీసుకెల్తానన్నాడు. పది నెలలయింది." బంగారమ్మ మళ్లీ రాళ్లు ఏరసాగింది. "ఆడిదీ ఇబ్బందే. తీసుకెల్తే మళ్లీ పంపాలి. లేదంటే ఉంచుకోవాలి. ఏది సేసినా వదినకి సెప్పుకోవాలి కదా."

"అత్తోరి పక్క ఎవులూ లేరా?"

"ఎవులూ లేరు. పార్వతి తీసుకెల్తానంది, కానీ అది అయినవాళ్లు సేయాలి. దాని కులం వేరు. అప్పుడు అది బాగుండేది, అదే వచ్చి రాత్రుళ్లు నా పక్కన పడుకునేది. జబ్బు సేసేక నానే గుండె రాయి సేసుకుని గుమ్మం కాడికెల్లేను. సత్తిరాజు సేతులు జోడించేడు. 'అక్కా, నిద్ర కాకుండా వస్తే దానికేటైనా అయితే?' అన్నాడు. ఏటంటాను? నాకూ భయమే. నా కాలు పెట్టి దానికేటైనా అయితే?"

"డాక్టరేటన్నాడు?"

"ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. సమ్‌ఝీ? ఇంక అంతే."

ఆ మాట అన్నాక ఆమె ఏడవలేదు. చేట ఎగరేసింది. ఊక గాల్లో లేచి పైడమ్మ ఒళ్లో పడింది. పైడమ్మకి కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేకపోయింది. ఆ అన్న పరదేశి ఎలా ఉంటాడో తెలియదు, సత్తిరాజుని తిట్టడానికి మనసు రాలేదు. మిగిలింది ఎదురుగా ఉన్న మనిషే.

"ఎవరి గుమ్మమూ తొక్కవా? మా గది గుమ్మం కూడా అందుకేనా తొక్కనిది?" అంది విసురుగా.

"మీది కదా."

"నీ ఇల్లే కదా!"

"తాళంచెవి ఇచ్చేక మీదే. దిగినోళ్ల గదిలోకి మనం పోకూడదని మా ఆయన ముందే ఆర్డరేసేడు. ఆయన పోయేక ఇంకా జాగ్రత్తగా ఉన్నాను. పిల్లలున్న సంసారం మీది. ఒకరి గుమ్మం ఒకరి గుమ్మమే కదా వదినా."

పైడమ్మ లేచి నిలబడింది. ఒళ్లోంచి ఊక రాలింది. బుర్రలో ఏదో మెదిలింది గానీ అది తెలివో తెలివితక్కువో తేల్చుకోలేక చెరువు గట్టుకి పరుగులాంటి నడకతో వెళ్లింది. దాలమ్మ మెట్ల మీద ఎండకి కూర్చుని ఉంది. నూకరాజు ఈసారి నిజంగానే కాలు మీద కాలేసుకుని, కళ్లు మూసుకుని, సెలవు అనుభవిస్తున్నాడు.

ఆమె గబగబా చెప్పింది. చెప్తుంటే తనకే తిక్కగా వినిపించింది. ఆ గది మనది. మనం ఉన్నన్నాళ్లూ మనదేనని బంగారమ్మే అంటోంది. మన ఇంట్లో ఒక రాత్రి పడుకుంటే అది నిద్ర కాదా?

"పిచ్చెక్కిందా?" అన్నాడు నూకరాజు. "ఆవిడింట్లో ఆవిడ పడుకుంటే నిద్రవుతాదేటి? అయినా మనం ఆవిడకి ఏటౌతాం? రేపా మంచం మీద మనిషి పోతే, ఈళ్లొచ్చే ఇలాగయిందని సందంతా మన మీద పడతాది. పరాయి ఊరు. సెలవుకని వస్తే..."

"ఈ సెలవు నాది కాదేటి?" అంది పైడమ్మ.

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. నూకరాజు కాలు మీది కాలు దించాడు. అతని మాటలో అబద్ధం లేదు, ఆ భయం ఆమెకీ ఉంది.

దాలమ్మ చెరువులో ఒకావిడ దుప్పటి జాడిస్తుంటే చూస్తూ కూర్చుంది. ఆఖరికి, "సీతానగరం బలగోరా?" అంది. "మా పెద్దప్పని ఇచ్చిందా పక్కే. అయితే ఈ గుంటకి నాను మేనత్త వరసౌతాను."

"ఎలాగమా?" అన్నాడు నూకరాజు.

"ఎలాగో అలాగ. నీకు సెప్పాలేటి వరసలు? లెగు. నీ పక్క వసారాలో ఏసుకో."

ఆ వరస నిజంగా కుదురుతుందో లేదో పైడమ్మ తర్వాత ఎన్నిసార్లు వేళ్లమీద లెక్కపెట్టినా తేలలేదు. దాలమ్మని అడిగే ధైర్యం లేదు.

అన్నిటికన్నా కష్టం బంగారమ్మని ఒప్పించడం. మొదట నవ్వింది, తర్వాత కోప్పడింది, ఆ తర్వాత, "ఇది సెల్లుతాదా అత్తా?" అంది చిన్నపిల్లలా.

"సెల్లదని ఎవులొచ్చి అడుగుతారే? మీ అన్నా?" అంది దాలమ్మ. "అడగనీ. వచ్చి అడగనీ. నాక్కావలసిందీ అదే."

పొద్దు వాలాక దాలమ్మ ఉతికిన చీర కట్టుకుని, వంటింటి గుమ్మంలోకి వెళ్లి, "అమ్మా బంగారం, మా ఇంటికి నిద్రకి రామ్మా" అని పద్ధతిగా పిలిచింది. వంటింటినుంచి గదికి పెరట్లోంచి పది అడుగులుండవు. దాలమ్మ ఆ దారి పట్టలేదు. బంగారమ్మ చెయ్యి పట్టుకుని గేటు బయటికి తీసుకొచ్చి, సందంతా నడిపించి, గట్టెక్కించి, చెరువు వైపునుంచి గది తలుపు దగ్గరికి తెచ్చింది. అరుగుల మీదివాళ్లు మాటలాపి చూశారు. ఎక్కడికని పాలవాడు అడిగితే, "మా ఇంటికి" అని తెలుగులోనే చెప్పింది దాలమ్మ.

గడప దగ్గర బంగారమ్మ ఆగిపోయింది. పదేళ్లుగా తను అలికిన గడప అది. కాలు ఎత్తి, మళ్లీ కింద పెట్టింది.

"రా వదినా" అంది పైడమ్మ లోపలినుంచి. ఇల్లుగలావిడని ఇంట్లోకి పిలుస్తున్నానన్న సిగ్గూ, తప్పు చేస్తున్నానేమోనన్న భయమూ, ఎందుకో పొంగుతున్న సంతోషమూ అన్నీ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు.

బంగారమ్మ లోపలికి వచ్చింది. వచ్చి, చుట్టూ చూసి, "మంచం ఆ మూల ఉంటే గాలేస్తాది, ఇటు జరుపుకోవలసింది" అంది. అందరూ నవ్వారు. ఆ రాత్రి నూకరాజు వసారాలో దోమల్ని తిట్టుకుంటూ పడుకున్నాడు. బంగారమ్మ ఇద్దరు ఆడపిల్లల మధ్య పడుకుంది, కదిలితే వాళ్లు లేస్తారేమోనని ఒక పక్కకే ఒత్తిగిలి.

పొద్దున్నే పైడమ్మ బంగారమ్మ పొయ్యి ముట్టించింది. చీలాలు వేద్దామని పట్టుబట్టింది గానీ ఆ పెనం కొత్త, ఆ పిండి కొత్త. మొదటిది ముద్దయింది. రెండోది పెనాన్ని వదల్లేదు. గదిలోంచి బంగారమ్మ గొంతు పెరడంతా వినిపిస్తోంది. "పిండిలో నీళ్లు చాలలేదు వదినా! పెనానికి ఉల్లిపాయ రాసేవా? నాను రానా?"

"నువ్వు రాకూడదు. కూకో!" అని అరిచింది దాలమ్మ. "సుట్టానివి!"

చివరికి అంచులు మాడినవి నాలుగు కుదిరాయి. పైడమ్మ వాటిని పళ్లెంలో పెట్టి బంగారమ్మ ముందు ఉంచింది. బంగారమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. ఈ పది నెలల్లో ఎవరైనా తనకి పెట్టగా తినడం ఇదే మొదలని ఆమె చెప్పలేదు. కళ్లు తుడుచుకుని, "ఉప్పు మర్సిపోయేవు" అంది. అని, నాలుగూ తినేసింది.

తర్వాత పైడమ్మ పెట్టె తెరిచి ఊదారంగు చీర తీసింది. తీసేటప్పుడు మనసు పీకింది, పీకలేదంటే అబద్ధం. మడత విప్పకుండానే బంగారమ్మ ఒళ్లో పెట్టింది. దాలమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసి లేచింది.

కొత్త చీర కట్టుకుని, జావ గిన్నె ఈసారి బంగారమ్మే పట్టుకుంది. ముగ్గురూ సందు దాటారు. అరుగు దగ్గర ఆమె అలవాటుగా ఆగిపోయి, గిన్నె కింద పెట్టబోయింది. దాలమ్మ మోచేత్తో పొడిచింది. బంగారమ్మ అరుగెక్కింది.

సత్తిరాజు గుమ్మంలోకి వచ్చాడు. రాత్రి నిద్ర లేని కళ్లు. బంగారమ్మని చూశాడు, కొత్త చీర చూశాడు, తెల్లబోయాడు.

"అక్కా..."

"నిద్రయింది బావూ" అంది దాలమ్మ.

"అన్న వచ్చేడా?"

"రాలేదు. నాను మేనత్తని."

"మరెక్కడ? ఎవరింట్లో?"

"మా ఇంట్లో."

సత్తిరాజు వాళ్ల భుజాల మీదుగా సందుకి అవతల ఆ పెంకుటిల్లు చూశాడు. గేటు దగ్గర నూకరాజు నిలబడి ఉన్నాడు, మోకాళ్ల దగ్గర పిల్లలు. సత్తిరాజు మళ్లీ దాలమ్మని చూశాడు. ఇది ఎలా కుదిరిందో అతని బుర్రకి అందడం లేదు. కాదనడానికి ఏదో ఒక మాట వెతుక్కుంటున్నాడని పైడమ్మకి తెలుస్తూనే ఉంది. ఆ మాట దొరికితే తాము వెనక్కి తిరగాల్సిందే.

"ఆ ఇంట్లోనా?" అన్నాడు చివరికి.

"మేం ఎల్లేదాకా ఆ గది మాది" అంది పైడమ్మ. "ఆవిడే అలాగన్నాది. కావలిస్తే అడుగు అన్నయ్యా. ఆవిడ ఒక్కనాడు కూడా మా గడప దాటి లోపలికి రాలేదు. నిన్న మా అత్త పిలిస్తేనే వచ్చింది."

సత్తిరాజు బంగారమ్మ కళ్లలోకి చూశాడు. "నిజవేనా అక్కా?"

"నిజవే. మంచి నిద్ర పట్టింది తమ్ముడూ" అంది బంగారమ్మ.

అతను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నమ్మాడో లేదో పైడమ్మకి అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. లోపల మంచం కిర్రుమంది. అతను పక్కకి తప్పుకున్నాడు.

బంగారమ్మ గిన్నె రెండు చేతులా పట్టుకుని మంచం దాకా వెళ్లి, కూర్చోకుండా నిలబడింది. పార్వతమ్మ కళ్లు మూసుకునే ఉంది.

"జావ అక్కడెట్టు బేబీ" అంది.

"బేబీ కాదు. నానే."

పార్వతమ్మ కళ్లు తెరిచింది. కొంతసేపు గుర్తుపట్టనట్టే చూసింది. తర్వాత, కోపం పోయిందా అని అడగలేదు, ఇన్నాళ్లూ ఏమైపోయావని అడగలేదు. మంచం పట్టెకి ఆనించిన కాళ్లని, ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా పక్కకి జరుపుకుని చోటిచ్చింది.